కార్డు లేనివాళ్ళ సంగతి

(ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో జరిగిన మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. పొద్దున్నే నడవండి, ఉప్పు తగ్గించండి అని చెప్పి దిగిపోదామనుకున్నాను. ఉప్పు మనం ఎలాగూ తగ్గించం. ఆవకాయ జాడీలు మద్రాసు మెయిల్లో దిగుతూనే ఉంటాయి. అందుచేత ఆ ప్రసంగం మానుకుని, కొన్నేళ్ళుగా నా గొంతుకి అడ్డుపడి ఉన్న సంగతి ఒకటి చెబుతాను.

ముందు ఒక పని చెయ్యండి. ఈసీహెచ్ఎస్ కార్డు గాని, రైల్వేవారి ఉమీద్ కార్డు గాని ఉన్నవాళ్ళు చేతులెత్తండి. బాగుంది, దాదాపు అందరూ ఎత్తారు. దించండి. ఇప్పుడు, ఏ కార్డూ లేని అన్నో తమ్ముడో, చెల్లెలో మేనల్లుడో ఉన్నవాళ్ళు ఎత్తండి. చూశారా, మళ్ళీ అవే చేతులు.

మన సంగతి గట్టిగానే ఉంది. 2003 ఏప్రిల్ 1న ఈసీహెచ్ఎస్ మొదలైంది. పెన్షన్ పుచ్చుకునే మనకీ, మన ఆడవాళ్ళకీ దిగుల్లేదు. కానీ కొడుక్కి ఇరవై అయిదేళ్ళు నిండితే, లేదా పెళ్ళో ఉద్యోగమో అయితే, పేరు పోతుంది. తోడబుట్టిన అన్నదమ్ములకి ఎప్పుడూ లేదు. అమ్మానాన్నలకైనా నెల ఆదాయం తొమ్మిది వేలు, దాని మీద డీఏ, అంతకు లోపుంటేనే. ఇకముందు ఇంకో రకం వాళ్ళు కూడా మన మధ్యకి వస్తారు. 2022లో పెట్టిన అగ్నివీర్ పద్ధతిలో నాలుగేళ్ళు చేసి బయటికి వచ్చే కుర్రవాడికి పెన్షన్ లేదు, ఈసీహెచ్ఎస్ లేదు. ఒంటిమీద యూనిఫారం మచ్చ ఉంటుంది గాని చేతిలో కార్డుండదు.

ఇక సంగతికి వస్తాను. ఇక్కడ కూర్చున్నవారిలో చాలామందికి ఆ మనిషి తెలుసు కాబట్టి పేరు చెప్పను. మేమంతా పిన్ని అనే పిలిచేవాళ్ళం. నేను పుట్టి పెరిగింది ఈ ఓల్డ్ సెటిల్‌మెంట్ లైనులోనే, మా నాన్నగారు వర్క్‌షాపులో ఫిట్టరు. పిన్ని భర్త మిలిటరీలో నాయక్‌గా చేసి, రిడక్షన్‌లో గ్రాట్యుటీ మాత్రం చేతికిస్తే తీసుకుని, పెన్షన్ లేకుండా వచ్చేశాడు. ఆయన పోయి ముప్ఫై ఏళ్ళు. కొడుకూ పోయాడు. మిగిలింది మనవడు. వాడు కాంట్రాక్టరు కింద పని చేస్తూ, బంధువుల క్వార్టరు వెనకాల ఔట్‌హౌసులో నాయనమ్మనీ పెళ్ళాన్నీ పెట్టుకుని ఉండేవాడు.

2022 వర్షాకాలంలో ఒక రాత్రి పదకొండు దాటాక నాకు ఫోను చేశాడు. "తాతా, నాయనమ్మకి కడుపునొప్పి. వాంతులు. కళ్ళు పచ్చగా ఉన్నాయి. ఏటి సెయ్యమంటావు?"

నేను ఎయిర్‌ఫోర్సులో ఇరవై ఏళ్ళు మెడికల్ అసిస్టెంటుని. కళ్ళు పచ్చబడి, కుడిపక్క పైన నొప్పి అంటే పిత్తాశయంలో రాయి గావును అని ఫోనులోనే తట్టింది. తట్టినా ఏం చెప్పానో వినండి. "ముందు ప్రాణం ముఖ్యంరా, దగ్గర్లో ఏ నర్సింగ్ హోమన్నా తీసుకెళ్ళిపో, డబ్బు సంగతి తర్వాత చూద్దాం" అన్నాను. అని, పడుకున్నాను.

డబ్బు సంగతి తర్వాత చూసుకున్నది నేను కాదు, వాడు. అడ్వాన్సు ఇరవై వేలు. మూడు రోజుల్లో స్కానులూ సెలైన్లూ కలిపి బిల్లు అరవై ఎనిమిది వేలు. ఆపరేషనుకి విడిగా ఇంకో అరవై అన్నారు. పిన్ని మెడలోని నాను అప్పటికే తాకట్టు కొట్టుకి పోయింది, వాడి పెళ్ళాం గాజులు కూడాను. నాలుగో రోజు నేను చూడ్డానికి వెళితే మంచం మీంచే పిన్ని నన్ను కేకలేసింది. "ఏటిరా, మందులిచ్చే ఉజ్జోగం సేసినోడివి, నువ్వేనా ఈడికి ఈ సలహా ఇచ్చింది? నాను సచ్చిపోతే పోతాను గాని, పిల్లోడి ఇల్లు గుల్ల సెయ్యకండిరా."

అప్పుడు నాకు బుద్ధొచ్చింది. ఆ మధ్యాహ్నమే డిశ్చార్జి చేయించి, మిడ్నపూర్ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఇన్‌ఫెక్షను తగ్గేదాకా ఉంచి ఆపరేషను చేశారు. మంచానికి డబ్బు లేదు, ఆపరేషనుకి లేదు. బయట కొన్న ఒకటి రెండు మందులు, టోటోలు, మా తిండీ టీలూ అన్నీ కలిపి నాలుగు వేలు దాటలేదు. అదే రోగం, అదే మనిషి. మొదటి రాత్రే అక్కడికి వెళ్ళి ఉంటే నాను మెడలోనే ఉండేది.

నేనెందుకలా అన్నానా అని తర్వాత చాలా ఆలోచించాను. తెలియక కాదు. నిజం చెప్పుకోవాలంటే, మనలో ఒక అహంకారం ఉంది. గవర్నమెంటు ఆసుపత్రికి వెళ్ళడం అంటే గతిలేనివాళ్ళ పని అనుకుంటాం. లైనులో నలుగురూ "అయ్యో, సర్కారీ ఆసుపత్రిలో పడేశారట" అంటారని భయం. మనం సర్వీసంతా మిలిటరీ హాస్పిటల్లో పడుకున్నవాళ్ళమే గదా, అది మాత్రం సర్కారీ కాదూ? రెండోది, రాత్రిపూట భయం. ఆ భయంలో గేటు దగ్గర లైటు ఎక్కువ వెలిగేచోటికే కాళ్ళు వెళతాయి.

పోస్టింగులో ఉన్న తమ్ముళ్ళూ, మీకూ ఇలాంటి ఫోనే వస్తుంది. మీరు లేహ్‌లోనో తేజ్‌పూర్‌లోనో ఉంటారు. ఇంటి దగ్గర అన్నయ్యకి గుండెనొప్పి అంటారు. మీరు చెయ్యగలిగిందల్లా డబ్బు పంపడం. పంపేస్తారు. అందుకని ముందే తెలుసుకోండి, మీ ఇంటికి దగ్గర్లో రాత్రి ఎమర్జెన్సీ తెరిచి ఉండే ప్రభుత్వ ఆసుపత్రి ఏది, అక్కడ గుండె డాక్టరుంటాడా ఉండడా, లేకపోతే వాళ్ళు ఎక్కడికి పంపుతారు. ఆ మూడు ముక్కలూ రాసి ఇంటి గోడకి అతికించి రండి.

మన ఖరగ్‌పూర్ వరకు చెబుతాను. చాంద్‌మారి వైపు సబ్‌డివిజనల్ హాస్పిటల్ ఉంది. దాని పైమెట్టు మిడ్నపూర్ మెడికల్ కాలేజీ, 2004లో మెడికల్ కాలేజీ అయింది. లోకల్ ఎక్కితే గిరిమైదాన్, గోకుల్‌పూర్ దాటి కంసాయి వంతెన ఎక్కడమే తరువాయి, ఊరొచ్చేస్తుంది. ఈ రాష్ట్రంలో ప్రభుత్వ ఆసుపత్రుల జనరల్ మంచాలు, మందులు, పరీక్షలు 2014 నుంచి అంచెలంచెలుగా ఉచితం చేశారు. పేయింగ్ క్యాబిన్లకి అది వర్తించదు. అంతకుముందే, 2012 డిసెంబరు నుంచి ఆసుపత్రి ఆవరణల్లోనే న్యాయధర మందుల దుకాణాలు పెట్టడం మొదలెట్టారు. అక్కడ ధర పెట్టె మీద వేసినదానిలో సగమో, అంతకంటే తక్కువో ఉంటుంది.

జనం ఉంటారు, తోసుకుంటారు, నిజమే. ఓపీకి పది గంటలకి వెళ్ళి "అబ్బో క్యూ" అని తిరిగొచ్చేవాడు ఎప్పటికీ డాక్టరుని చూడలేడు. టిక్కెట్టు కౌంటరు తెరవకముందే నిలబడాలి. మనకి ఫాలిన్ కొత్తా? పాత టిక్కెట్టు, పాత రిపోర్టులు తారీఖు వరసన ఫైలులో పెట్టుకోవాలి. కింది ఆసుపత్రి నుంచి పైకి వెళ్ళేటప్పుడు రిఫర్ చేసిన కాగితం చేతిలో ఉంటే పని త్వరగా అవుతుంది. మందులన్నీ రాయించుకున్నాక "ఇందులో ఇక్కడ ఇచ్చేవి ఏవి?" అని అడగాలి. అడగనివాడు తిన్నగా బయట షాపుకి పోతాడు.

చేర్చుకోమన్నారనుకోండి, అప్పుడేం చెయ్యాలి? దీనికి మన బెంగాల్లోనే పుట్టిన ఒక కేసుంది. అందరూ గుర్తుపెట్టుకోవలసింది కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. 1992 జూలై 8న హకీం షేక్ అనే వ్యవసాయ కూలీ మథురాపూర్ స్టేషనులో రైల్లోంచి పడ్డాడు. తలకి దెబ్బ. దగ్గరి ఆరోగ్య కేంద్రం వాళ్ళు పెద్దాసుపత్రికి పంపారు. ఆ రాత్రి కలకత్తాలో ప్రభుత్వ ఆసుపత్రుల చుట్టూ తిప్పారు. ఒకచోట మంచం ఖాళీ లేదు, ఇంకొకచోట ఆ విభాగం లేదు. ఆఖరికి ప్రైవేటు ఆసుపత్రిలో చేరాడు. సుమారు పదిహేడు వేల రూపాయలు ఖర్చయింది. కూలి మనిషికి, ఆ రోజుల్లో. ఆయనా, ఆయన సభ్యుడిగా ఉన్న పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితీ కలిసి సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 1996 మే 6న తీర్పు వచ్చింది. ప్రాణం మీదికి వచ్చినవాడికి ప్రభుత్వ ఆసుపత్రి సకాలంలో వైద్యం ఇవ్వకపోతే, అది రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కుని కాలరాయడమేనని కోర్టు చెప్పింది. డబ్బు లేదన్న సాకు ఒప్పుకోలేదు. ఇరవై అయిదు వేలు నష్టపరిహారం ఇప్పించింది.

దీనికి ముందు 1989లో పరమానంద్ కటారా కేసులో, ప్రమాదంలో దెబ్బ తగిలినవాడికి ముందు వైద్యం, పోలీసు కాగితాలు తర్వాత అని అదే కోర్టు తేల్చింది. ఆ మాట ప్రభుత్వ డాక్టరుకీ ప్రైవేటు డాక్టరుకీ ఇద్దరికీ వర్తిస్తుంది. కాబట్టి రోడ్డు మీద పడ్డవాణ్ణి "ఇది పోలీసు కేసు" అని ఎవరైనా తోసేస్తే మీరు వెనక్కి తగ్గనక్కర్లేదు. గొడవ పడమని నేను చెప్పను. గొడవపడితే పేషెంటే నష్టపోతాడు. "మంచం లేదు అన్న ముక్క ఈ ఎమర్జెన్సీ టిక్కెట్టు మీద రాసి, ఎక్కడికి వెళ్ళాలో కూడా రాయండి సార్" అని మర్యాదగా అడగండి. రాతకోతలంటే ఎంతటివారైనా ఒక్క క్షణం ఆలోచిస్తారు. ఇది నేను చూసి చెబుతున్నమాట.

అప్పటికే ప్రైవేటులో చేరిపోయి, బిల్లు చూసి కళ్ళు తేలేసినవాళ్ళకి కూడా ఒక మాట. పద్దుల వారీగా బిల్లు అడిగే హక్కు, రిపోర్టుల నకళ్ళు తీసుకునే హక్కు మీకున్నాయి. బాకీ ఉందని మనిషిని గాని శవాన్ని గాని ఆపకూడదు. 2018లో జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో ఇవన్నీ ఉన్నాయి. ఈ రాష్ట్రంలో ప్రైవేటు ఆసుపత్రుల మీద ఫిర్యాదులు వినడానికి 2017 చట్టం కింద కమిషన్ కూడా ఏర్పడింది. పిన్ని విషయంలో మేము పద్దుల బిల్లు అడగలేదు. అడగాలని కూడా తోచలేదు.

"బీమా ఏమీ లేదా పిల్లాడికి?" అని మీరు అడగవచ్చు. అదే మన ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళ చిక్కు. వాడి రేషను కార్డు శ్రీకాకుళం పక్కన ఊళ్ళో ఉంది. అక్కడ 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఆ కార్డుని బట్టే. ఇక్కడ 2016 చివర మొదలైన స్వాస్థ్య సాథిని 2020 డిసెంబరు 1 నుంచి, వేరే ప్రభుత్వ పథకం లేని కుటుంబాలన్నింటికీ తెరిచారు. శిబిరం పెట్టినప్పుడు వీడు పేరు రాయించుకోలేదు, ఊళ్ళో కార్డు పోతుందేమోనని. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడు ఆ రాత్రి ఏ పడవలోనూ లేడు. రాత్రి పన్నెండింటికి నొప్పితో మెలికలు తిరుగుతున్న ముసలమ్మని పలాస దాకా రైల్లో ఎక్కించుకుపోతామా? ఏ రాష్ట్రంలో ఉంటారో తేల్చుకుని ఆ రాష్ట్రంలో కాగితం చేయించుకోండి. వాడికి నేను ఇంకోటి కూడా చెప్పాను, జీతం స్లిప్పులో ఈఎస్ఐ కోత ఉందా చూడమని. 2017 జనవరి నుంచి నెల జీతం ఇరవై ఒక్క వేల లోపువాళ్ళు అందులోకి వస్తారు. కోత పడుతున్నా నంబరు తెలియనివాళ్ళు కాంట్రాక్టు లేబరులో బోలెడుమంది ఉన్నారు. నంబరు ఉంటే పెళ్ళాం పిల్లలకీ, తన మీద ఆధారపడిన తల్లిదండ్రులకీ వైద్యం వస్తుంది. నాయనమ్మకి రాదు, అది వేరే సంగతి.

మందుల దగ్గరికి వద్దాం. ఎంఐ రూములో మనం ఏనాడైనా బ్రాండు చూశామా? పెద్ద డబ్బా, దాని మీద మందు పేరు, అంతే. పాతకాలంలో ఏ జబ్బుకైనా ఏపీసీ గోళీయే ఇస్తారని సిక్ రిపోర్టులో జోకు ఉండేది. ఆ డబ్బా మందులు మింగే కొండలెక్కాం. ఇంటికొచ్చాక మాత్రం రంగు అట్టపెట్టెలో ఉంటే గాని బీపీ తగ్గదనుకుంటున్నాం. 2008లో మొదలైన జన ఔషధి దుకాణాల్లో అదే మందు అసలు పేరుతో, సగం ధర నుంచి పదో వంతు ధర దాకా దొరుకుతుంది. షుగరుకీ బీపీకీ జీవితాంతం మింగేవాళ్ళు ఈ తేడా ఏడాదికి లెక్కేసి చూడండి. డాక్టరుగారిని "మందు అసలు పేరు రాయండి" అని అడిగితే చాలు. అయితే మూర్ఛ మందులు, థైరాయిడ్ మందులు లాంటివి మార్చేటప్పుడు మీ అంతట మీరు మార్చకండి, చెప్పి మార్చండి.

కొన్ని జబ్బులకి కార్డులతో పనే లేదు. టీబీ మందులు అందరికీ ఉచితం, తిండి ఖర్చుకి నెలకి ఇచ్చే అయిదు వందల్ని 2024 నవంబరు నుంచి వెయ్యి చేశారు. కాన్పు, సిజేరియనైనా సరే, ప్రభుత్వ ఆసుపత్రిలో మందులతో, రక్తంతో, భోజనంతో, రానూపోనూ బండితో సహా ఉచితమని 2011 జూన్‌లో జననీ శిశు సురక్ష కార్యక్రమం పెట్టారు. కోడలి సిజేరియనుకి అప్పుచేసిన రిటైర్డు హవల్దారు ఈ హాల్లోనే ఉన్నారు, నావైపు చూసి నవ్వుతున్నారు కూడా. డయాలిసిస్ పేదలకి ఉచితంగా జిల్లా ఆసుపత్రుల్లో ఇవ్వడానికి 2016లో జాతీయ కార్యక్రమం వచ్చింది. మనసు బాగోకపోతే, నిద్ర పట్టకపోతే, పిచ్చి ఆలోచనలొస్తే, 14416కి ఫోను చెయ్యండి. 2022 అక్టోబరులో పెట్టిన టెలీ మానస్ అది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. మనవాళ్ళు మోకాలినొప్పి చెప్పుకుంటారు గాని ఇది చెప్పుకోరు.

చిన్నపిల్లలకి గుండెలో రంధ్రం అంటే ఇల్లు అమ్మెయ్యకండి. ఈ రాష్ట్రంలో 2013లో శిశు సాథి పేరుతో పిల్లల గుండె ఆపరేషన్లు ఉచితంగా చేయించడం మొదలైంది. బొంబాయి లైను పట్టుకుంటే రాయ్‌పూర్, అక్కడ నయా రాయ్‌పూర్‌లో సత్యసాయి సంజీవని ఆసుపత్రి ఉంది. పిల్లల గుండెకే పెట్టిన ఆసుపత్రి, అందులో బిల్లు కౌంటరే లేదు. పుట్టపర్తిలో 1991లో, బెంగుళూరు వైట్‌ఫీల్డులో 2001లో తెరిచిన సత్యసాయి ఆసుపత్రుల్లో పెద్దవాళ్ళకీ ఉచితమే. మతం, భాష, రాష్ట్రం అడగరు. రిపోర్టులు చూపించి తేదీ తీసుకుని వెళ్ళాలి, ఊరికే వెళ్ళి గేటు దగ్గర పడిగాపులు పడకూడదు.

కళ్ళకైతే పక్క జిల్లాలోనే హల్దియా దారిలో చైతన్యపూర్‌లో వివేకానంద మిషన్ ఆశ్రమం వారి నేత్ర నిరామయ నికేతన్ ఉంది. మన తెలుగువారు డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు 1987లో హైదరాబాదులో మొదలుపెట్టిన ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రికి భువనేశ్వర్‌లోనూ విశాఖలోనూ శాఖలున్నాయి. అక్కడ వైద్యంలో దాదాపు సగం ఉచితమే. ఇచ్చుకోగలిగినవాడి డబ్బుతో ఇచ్చుకోలేనివాడికి చూస్తారు, ఇద్దరికీ ఒకే రకం ఆపరేషను. క్యాన్సరుకి టాటా మెమోరియల్ వారిదే హోమీ భాభా ఆసుపత్రి విశాఖ అగనంపూడిలో ఉంది. వెల్లూరు వెళ్ళే బెంగాలీలతో మన స్టేషను రోజూ నిండే ఉంటుంది. వాళ్ళని చూసి మనమూ ఎక్కేస్తాం. వెళ్ళండి, మంచి ఆసుపత్రే, కానీ ఉచితం అనుకుని వెళ్ళకండి. స్తోమత లేదని మొదటిరోజే అక్కడి సామాజిక విభాగంలో చెప్పుకోవాలి. బిల్లు వచ్చాక చెబితే ఎవరికైనా కష్టమే.

రైల్వే ఊళ్ళో ఉండి కూడా మనలో చాలామందికి తెలియని ముక్క ఒకటుంది. క్యాన్సరు పేషెంటుకి వైద్యానికి వెళ్ళిరావడానికి స్లీపరులోనూ థర్డ్ ఏసీలోనూ టిక్కెట్టు పూర్తిగా ఉచితం, వెంట వెళ్ళేవారికి నూటికి డెబ్బై అయిదు తగ్గింపు. గుండె ఆపరేషనుకీ, డయాలిసిస్‌కీ వెళ్ళేవారికి కూడా రాయితీ ఉంది. 2020 మార్చిలో సీనియర్ సిటిజన్ల రాయితీ ఆపేశారు గాని రోగులది ఆపలేదు. ఆసుపత్రివారు నిర్ణీత ఫారంలో సర్టిఫికెట్టు ఇవ్వాలి. అది డిశ్చార్జి అయ్యే రోజు హడావిడిలో కాకుండా ముందే అడిగి పెట్టుకోండి.

పెద్ద ఆపరేషన్లకి సాయం చేసే నిధులున్నాయి. ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధి 1948 నాటిది. పేదరిక రేఖ కింద ఉన్నవారికి రాష్ట్రీయ ఆరోగ్య నిధి 1997లో వచ్చింది. ఇందులో ఒక మెలిక ఉంది, ఖర్చుపెట్టేసిన డబ్బు వెనక్కి ఇవ్వరు. ఎస్టిమేటు వేయించి, ఆపరేషనుకి ముందు పెట్టుకోవాలి, డబ్బు ఆసుపత్రికే వెళుతుంది. మనవాళ్ళు అప్పుచేసి ఆపరేషను చేయించి, కట్టు విప్పాక దరఖాస్తు పట్టుకుని నా దగ్గరికి వస్తారు.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళొచ్చే పెద్దలకి కూడా రెండు ముక్కలు. ఇన్సూరెన్సు తీసుకుని వెళ్ళడమే మంచిది. కానీ లేనంతమాత్రాన గుండెనొప్పి వస్తే ఇంట్లో దాచుకుని పడుకోకండి. 1986 నాటి చట్టం ప్రకారం అక్కడి ఆసుపత్రుల ఎమర్జెన్సీలో డబ్బు అడగకుండా ముందు చూసి, ప్రాణాపాయం తప్పించాలి. బిల్లు తర్వాత వస్తుంది, భయంకరంగానే వస్తుంది. లాభాపేక్ష లేని ఆసుపత్రులైతే స్తోమత లేనివారికి తగ్గించే పద్ధతి పెట్టుకుని తీరాలి. దానికీ దరఖాస్తు పెట్టాలి. ఎక్కడికెళ్ళినా నోరు తెరిచి అడగనివాడికి ఏమీ లేదు.

మళ్ళీ పిన్ని దగ్గరికి వస్తాను. ఆపరేషనయ్యాక ఇంటికి తీసుకొచ్చిన వారానికి, పిన్ని ట్రంకు పెట్టెలో చీరల అడుగున డిశ్చార్జి బుక్కు దొరికింది. అంచులు చెదలు తిన్నాయి గాని రాత కనిపిస్తోంది. అది పట్టుకుని సైనిక్ బోర్డు నిబంధనలు చదివాను. చదువుతుంటే ఒళ్ళు చల్లబడింది. పెన్షన్ లేని మాజీ సైనికులకి, వారి వితంతువులకి కేంద్రీయ సైనిక్ బోర్డు వైద్యానికి గ్రాంటు ఇస్తుంది. అప్పటికి ముప్ఫై వేల దాకా, 2023 అక్టోబరులో యాభై వేలు చేశారు. తీవ్రమైన జబ్బులకి విడిగా ఉన్న లక్షా పాతిక వేలని లక్షన్నర చేశారు. అది సరే. పెన్షన్ లేక, అరవై అయిదు దాటిన హవల్దారు ర్యాంకు లోపువాళ్ళకి, వాళ్ళ వితంతువులకి పెన్యూరీ గ్రాంటని నెలకి నాలుగు వేలు ఉంది. 2025 నవంబరు నుంచి అది ఎనిమిది వేలు. పిన్నికి అరవై అయిదు దాటి ఎన్నాళ్ళయింది? ఇన్నేళ్ళూ నెలనెలా రావలసిన డబ్బుకి దరఖాస్తే పెట్టలేదు. మన సంఘంలో ప్రతి సంక్రాంతికీ వచ్చి ముగ్గులేసి వెళ్ళేది. మనం శాలువా కప్పి పంపేవాళ్ళం.

దరఖాస్తు మొదలుపెట్టాం. డిశ్చార్జి బుక్కులో భార్య పేరు ఒకటి, ఆధారులో ఇంకొకటి. పెళ్ళి కాగితం లేదు. భర్త పోయినప్పుడు జిల్లా సైనిక్ బోర్డులో వితంతువుగా నమోదు చేయించినవాళ్ళు లేరు. అఫిడవిట్టనీ, రికార్డ్స్ ఆఫీసుకి ఉత్తరాలనీ తిరుగుతూ ఉండగానే 2023 చలికాలంలో పిన్ని పోయింది. నిద్రలోనే పోయింది, బాధపడలేదు. ఆఫీసులదేమీ తప్పు కాదు. ముప్ఫై ఏళ్ళు ఆ పని చేయించని తప్పు మనది, అందులో ముఖ్యంగా నాది. తాకట్టు కొట్టులో నాను ఇంకా విడిపించలేదు.

అందుకని ఈ సంవత్సరం నుంచి ఒక పని మొదలుపెట్టాం, కార్యదర్శిగారి అనుమతితో చెబుతున్నాను. మన లైన్లలో, మథురాకాటీలో, నింపురాలో, న్యూ సెటిల్‌మెంట్‌లో పెన్షన్ లేకుండా వచ్చిన సైనికులు, వాళ్ళ వితంతువులు ఎవరున్నారో ఇల్లిల్లూ తిరిగి రాసుకుంటున్నాం. ఆదివారం పొద్దున్న తొమ్మిది నుంచి పన్నెండు దాకా నేను ఇక్కడే కూర్చుంటాను. డిశ్చార్జి బుక్కు, ఆధార్, బ్యాంకు పుస్తకం తెండి. పేరులో తేడా ఉంటే ఆరోగ్యంగా ఉన్నప్పుడే సరిచేయిద్దాం. బుక్కులో డిశ్చార్జి కారణం రాసిన గడి తప్పకుండా చూడాలి. సొంత కోరిక మీద పెన్షన్ లేకుండా వచ్చేసినవాళ్ళకి ఈ గ్రాంటులు వర్తించకపోవచ్చు, ఆ మాట ముందే చెబుతాను, ఆశపెట్టి తిప్పను. సర్వీసులో ఉన్నవాళ్ళు పార్టు టూ ఆర్డర్లలో భార్య పేరు స్పెల్లింగు ఈ సెలవులోనే ఆధారుతో సరిచూసుకోండి. అది రేపు మీ ఆవిడ తిరగవలసిన తిరుగుడు.

రెండోది, ఆసుపత్రికి తోడు వెళ్ళడం. డబ్బు చందా కన్నా ఇదే కష్టం, ఇదే కావాలి. ముసలివాళ్ళకి క్యూలో నిలబడే ఓపిక ఉండదు, ఏ కిటికీ దగ్గర ఏమిస్తారో తెలియదు. ఇప్పటికి నలుగురం ఉన్నాం. ఆ నలుగురిలో పిన్ని మనవడు ఒకడు. వారానికొక రోజు పని మానుకుని వస్తాడు, ఆ రోజు కూలి పోతుంది. ఇస్తామంటే తీసుకోడు.

వచ్చే బుధవారం మిడ్నపూర్‌కి ఇద్దరు పేషెంట్లున్నారు. ఒకరికి నడవడం కష్టం. పొద్దుటి లోకల్‌కి ఇంకొక మనిషి కావాలి. వీలున్నవాళ్ళు భోజనాలకి వెళ్ళేముందు నాకు పేరివ్వండి.